మిశ్రమా? వైరియా? గోలకొండ కృతులును హైదరాబాదు మతసామరస్యమును

గోలకొండ సుల్తానుల కాలపుఁ దెలుఁగు కృతులను గూర్చి వ్రాయు విమర్శకులలోఁ బెక్కం డ్రొక్క వాక్యముతో వ్యాసమును ముగించుట యాచారమైనది. మహమ్మదీయ ప్రభువు తెలుఁగు కావ్యమునకుఁ గృతిపతి యయ్యెను. కావున నాకాలమున మతసామరస్యము వెల్లివిరిసెను. ఇదియే యా వాక్యము. ఇది సభలయందు వినఁబడుచున్నది. పాఠము చెప్పు పండితుల నోట నిలిచినది. విన్నవారికి సంతోషము కలుగును. ఆ సంతోషమును నేనును ఎఱుఁగుదును. కాని యిచ్చటి హేతువునకును సాధ్యమునకును నడుమ వ్యాప్తి కలదా యని తార్కికుఁ డడిగినచో మనము చెప్పఁగల ప్రత్యుత్తర మేమి? కృతి నొందుట యొకరి పని. సామరస్యము పదుగురి పని. మొదటిదానినుండి రెండవదానిని సాధించుటకు నడుమ నొక మెట్టు కావలయును. ఆ మెట్టును మన విమర్శకులు చూపలేదు. దానిని వెదకుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ ప్రశ్న నాకుఁ గేవలము గ్రంథాలయమున జనించినది కాదు. నేను హైదరాబాదునకుఁ దూర్పున నున్న కొత్తపేటయందు బాలురకుఁ దెలుఁగు చెప్పి జీవించువాఁడను. మా పేటకుఁ బడమటఁ గూఁతవేటు దూరముననే దిల్‌సుఖ్‌నగరము. అచ్చట 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేది సాయంకాలమున జనసమ్మర్దము నడుమ రెండు ప్రేలుళ్లు జరిగి 18 మంది మరణించిరి. నూఱుమందికిఁ బైగా గాయపడిరి. ఆ దినములలోనే నేను తరగతిలో మల్కిభరాముని తెలుఁగుపోషణమును బోధించుచుండఁగా నొక బాలుఁడు లేచి, "అయ్యా, ఆనాఁ డంత చెలిమి యుండినచో నీనాఁ డింత భయ మేల?" అని యడిగెను. మెచ్చుకోలు మాట లెన్ని చెప్పినను వాని ప్రశ్నకు సమాధానము కాలేదు. ఆనాఁటినుండి యీ కృతులను మరల మరలఁ జదివితిని.

సామరస్యమును గూర్చి విచారించుటకు మన లాక్షణికులే యొక సాధనమును మనకొసఁగి యున్నారు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమున సమాసములను సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని విభజించెను. భిన్నభాషాపదములు లక్షణమున కనుగుణముగాఁ గూడినచో నది మిశ్రసమాసము. లక్షణమును మీఱి కూడినచో దానిని వైరిసమాస మందుము. ఇందు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. మిశ్రమునకును వైరికిని భేదము పదముల పుట్టుకలో లేదు. తటాక శబ్దము సంస్కృతము, నీరు తెలుఁగు. 'తటాకనీరు' అనినఁ దప్పు. 'తటాకంబునీరు' అనిన నొప్పు. పదము లవియే, అర్థ మదియే. మొదటి పదము తెలుఁగు ప్రత్యయమును గైకొని, తెలుఁగింట మసలుటకుఁ దగినదై వచ్చినప్పుడు మైత్రి. తన రూపమును లేశమును సడలింపక వచ్చి మీఁదఁబడినప్పుడు వైరము. ఇరుపదములు ప్రక్కప్రక్కన నుండుట మాత్రము చాలదు. వానిని గలుపు వర్ణక మొకటి కావలయును. ఈ సూత్రమును గైకొని కృతులను బరిశీలింతము.

ఇబ్రహీం కుతుబ్‌షా 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలెను. రాజ్యమునకు రాకముందు తన యన్న జంషీదునకు వెఱచి యేడేండ్లు విజయనగరమున నళియ రామరాజు నాశ్రయమున నుండెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈతని కంకితము చేసెను. మలిక్ ఇబ్రహీం అను నామము తెలుఁగు కవుల చేత 'మల్కిభరాముఁడు' అయినది. మన విమర్శకులు దీనిని ఛందోనిర్బంధముచేఁ గలిగిన యపభ్రంశమని దాఁటిపోవుదురు. నాకట్లు తోఁపదు. ఇది డువర్ణకమును గైకొని తెలుఁగైన పేరు. ఇభశబ్దమును రామశబ్దమును అందు ధ్వనించుటచేఁ దెలుఁగు శ్రోతకుఁ జెవియింపయినది. అయినను ఆ ప్రభువు తన పేరును గోల్పోలేదు, తన మతమును విడువలేదు. కవియుఁ దన దైవమును విడువలేదు. మార్పు చెందినది పేరు రూపము మాత్రమే. మిశ్రసమాసమున కిట్టి లక్ష్యము మఱియొకటి యరుదు.

కథను గూడఁ జూడుఁడు. భారతాదిపర్వమునందలి తపతీసంవరణుల వృత్తాంతము ప్రణయకథయని మనము చదువుదుము. నిజమునకుఁ గథను నడపువాఁడు వసిష్ఠుఁడు. సంవరణుఁడు మానవుఁడు, తపతి సూర్యపుత్రి; ఇరువురి లోకములు వేఱు. రాజు సూర్యు నారాధించి కొండపైఁ గూలఁబడియుండఁగా వసిష్ఠుఁడు తానే సూర్యునికడకుఁ బోయి, యడిగి, కన్యను దోడ్కొని వచ్చెను. పిదప రాజు భోగలాలసుఁడై పండ్రెండేండ్లు నగరమును మఱచినప్పుడు వానలు లేక ప్రజలు కటకటఁబడిరి. అప్పుడును వానిని నగరమునకుఁ గొనివచ్చి ప్రజలను దేర్చినవాఁడు వసిష్ఠుఁడే. రాజులకుఁ బురోహితుఁ డేల కావలయునని గంధర్వుఁ డర్జునునకుఁ జెప్పు సందర్భమున నీ కథ వచ్చుట యందఱు నెఱిఁగినదే. అనఁగా నిది మధ్యవర్తి కథ. రెండు లోకముల నడుమ రాకపోకలు చేయఁగలవాఁడు లేనిచో నగరమున వాన కురియదని దాని సారము. అన్యమత ప్రభువున కంకితముగా నిట్టి కథను గైకొనుటలోఁ గవి యభిప్రాయ మిది యని సాధింప నేను సాహసింపను. కాని పాఠకుఁ డిది గుర్తింపకుండుట నష్టము.

రెండవది పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము. ఇది మన వాఙ్మయమున మొదటి యచ్చతెలుఁగు కావ్యము. దీనిని గృతినందిన వాఁడు ఇబ్రహీం కుతుబ్‌షా యధికారి, పటాన్‌చెరువు నేలిన అమీనుఖాను. సంస్కృతసమములను సయితము వర్జించి తెలుఁగును దెలుఁగుగా నిలుపఁబూనిన మొదటి కావ్యము పారసీకభాషాసంస్కారముగల కొలువున వెలసెను; కావ్యమంతయు నచ్చతెలుఁగే కాని కృతిపతి పేరు మాత్రము కాదు. భాషాశుద్ధి పేర నన్యదేశ్యములను బాఱద్రోలుదమనువా రీ సంగతిని మఱవరాదు. శుద్ధతను గోరుట విరోధమునకు మూలము కానక్కఱలేదు. తన యిల్లు తాను శుభ్రము చేసికొని పొరుగువానిని బిలిచి కూర్చుండఁబెట్టుటయుఁ గలదు.

ఈ కథయందును మన విషయమునకుఁ దగిన ఘట్ట మొకటి కలదు. దేవయానియు శర్మిష్ఠయు జలక్రీడ లాడుచుండఁగా గాలికి వారి వలువలు కలసిపోయెను. ఒకతె వలువ నొకతె కట్టెను. అంతమాత్రమున మాటమాట పెరిగి, కులము నెత్తిపొడుచుటయు, నూతఁ ద్రోయుటయు, దాసీత్వమును గలిగెను. కలయిక యంతయు మైత్రి కాదనుటకు భారతమున నింతకంటె స్పష్టమైన సాక్ష్యము లేదు. గాలి కలిపిన కలయికకు వర్ణకము లేదు. కావున నది వైరిసమాస మయ్యెను.

ఇంతవఱకుఁ గృతులు చెప్పునది మనోహరమే. చరిత్ర చెప్పునది వేఱు. ఏ రామరాజు తన కేడేం డ్లాశ్రయ మిచ్చెనో యా రామరాజుపైకి 1565లో దక్కను సుల్తానులతోఁ గూడి ఇబ్రహీం దండెత్తెను. రక్కసితంగడి యుద్ధమున రామరాజు కూలెను, విజయనగరము పాడయ్యెను. అతఁడు కృతఘ్నుఁడని దూషించుటకుఁ గాని, రాజనీతిజ్ఞుఁడని సమర్థించుటకుఁ గాని నేను దీనిని జెప్పుట లేదు. రామరాజు సయితము సుల్తానుల నొకరిపై నొకరిని బురికొల్పుచు వచ్చినవాఁడే. నే ననునది యింతమాత్రమే: తెలుఁగు కవిని సత్కరించిన చేతికే కత్తియు నుండెను. కృతిపతిత్వము సామరస్యమునకు హేతువు కాఁజాలదు. మన పాఠములలో మల్కిభరాముఁ డొక పుటయందును రక్కసితంగడి మఱియొక పుటయందును నుండుటచే బాలురకు నీ రెండును ఒకే మనుష్యుని చరిత్రయని తోఁపకున్నది. రెంటిని గలిపి చెప్పనివాఁడు సగము చెప్పినవాఁడే.

తరువాతి కాలమునను ఇంతే. అబుల్‌హసన్ తానీషా కొలువున మాదన్న మంత్రియై, అక్కన్నతోఁ గూడి రాజ్యభారమును వహించెను. పైమెట్టున నింతకంటె మిశ్రమైన పరిపాలనము కానరాదు. అయినను మొగలుల యొత్తిడి హెచ్చినపుడు 1686లో నా సోదరులు నగరముననే హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. కొలువునందలి మైత్రి కొలువుతోడనే కూలెను. అట్లయినఁ గూలనిది యేది?

కూలనిది కథ. మాదన్నకు మేనల్లుఁడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకుఁ దహసీలుదారై, పన్నుసొమ్ముతో భద్రాచలరాముని గుడి కట్టించి చెఱ పాలయ్యెను. ఇందు మతవైరమును బెంపొందించుటకు వలసిన సామగ్రి యంతయు నున్నది: అన్యమత ప్రభువు, భక్తుఁడైన బంది, గోలకొండ చెఱసాల. కాని జనులు దీని నే తెఱఁగునఁ జెప్పుకొనిరి? రామలక్ష్మణులు తానీషాకే దర్శన మొసఁగి సొమ్ము చెల్లించిరనియు, జీవితమెల్లఁ గొలిచిన రామదాసునకు దొరకని దర్శనము తానీషాకు దొరకెననియుఁ జెప్పుకొనిరి. శిక్షించిన ప్రభువును ద్వేషింపక, భక్తునికంటెను ధన్యుని గావించిరి. శ్రీరామనవమినాఁడు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలను బంపు నాచారమును దానీషానాఁటిదే యని పారంపర్యము. ఇందుఁ జరిత్ర యెంత, కల్పన యెంత యని మనము వాదింపవచ్చును. కాని కల్పన యైనకొలఁది దాని విలువ హెచ్చునేకాని తగ్గదు. ఏలయన జరిగినదానిని జరిత్ర చెప్పును, జరుగవలసినదానిని జనులు కల్పింతురు. పగకుఁ దావు గల చోటఁ బగను రానీయకుండఁ జేసిన యీ కథకు గర్తల పేర్లు లేవు. శాంతికర్తలు వీరు, మన విమర్శకులు సింహాసనమున వెదకుచుండుటచే వీరు కనఁబడలేదు.

గ్రంథములను విడిచి మా పేటనుండి నగరమునకుఁ బోవు బాటను జూచినను నిదియే కానవచ్చును. కొత్తపేట యచ్చతెలుఁగు మాట. తరువాత దిల్‌సుఖ్‌నగరము: దిల్ అనునది పారసీకము, సుఖమును నగరమును సంస్కృతములు, దిల్‌సుఖ్‌రాం ప్రసాదు అను జాగీరుదారు పేర వెలసినదని చెప్పుదురు. తరువాత మూసారాంబాగు. ఈ పేరు కలవాఁడు హిందువు గాఁడు, మహమ్మదీయుఁడు గాఁడు, ఫ్రెంచి క్రైస్తవుఁడు. రేమాండు అను నా సేనాని రెండవ నిజాము కొలువున సైన్యమును గూర్చి, ఫిరంగులను బోఁతపోయించి, 1798 మార్చి 25న మరణించెను. ఆ సంవత్సరముననే ఆంగ్లేయు లాతని సైన్యమును విచ్ఛిన్నము గావించిరి. ఆతని రాజకీయమునకు నేఁ డేమియు మిగులలేదు. మిగిలినది కొండమీఁది సమాధియు, పేరును. హిందువు లాతనిని మూసారాముఁ డనిరి. మహమ్మదీయులు మూసారహీ మనిరి. రాముఁ డొకరి దైవము. రహీము మఱియొకరి దైవనామము. ముస్యూ రేమా అను పరదేశి ధ్వనిని ఇరువాగులవారు తమతమ నాలుకలకుఁ దగినట్లు దిద్దికొని, యాతనిని దమవానిఁగాఁ జేసికొని, వర్ధంతినాఁ డాతని సమాధికడఁ గూడుచువచ్చిరి. ఆ పేరు నీది నాది యని వారు కలహింపలేదు. రెండు పేర్లును ఒక్కబాటపై నిలిచినవి. మఱికొంత పడమట మలక్‌పేట: అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుఁడైన మలిక్ యాకూబు పేరునకుఁ దెలుఁగు 'పేట' చేరి వెలసినదందురు.

కొత్తపేటయం దిటీవలివఱకు నుండి బాటసింగారమునకుఁ దరలిన పండ్లసంత భాషయు నిట్టిదే. దళారి అరబ్బీ, వేలము పోర్చుగీసు, రాశి సంస్కృతము, తూకము తెలుఁగు. నాలుగు భాషలు లేనిదే యొక మామిడికుప్ప చేయి మాఱదు. ఇంకొక విశేషము: మన తగాదాయు మన రాజీయు రెండును మహమ్మదీయ ప్రభుత్వకాలమున వచ్చిన మాటలే. వానికిఁ దెలుఁగు క్రియలు చేర్చి తగాదాపడుదుము, రాజీపడుదుము. వచ్చిన మాటలలోఁ గయ్యమును మాత్రము తీసికొని పొందును ద్రోసివేయుట తగునా?

అయినను 'మిశ్రము సహజము, దానంతటదియే నిలుచును' అను భ్రాంతి పనికిరాదు. మొహరమునాఁడు బీబీకా అలము డబీరుపురానుండి యేనుఁగుపై వెడలి చాదర్‌ఘాటుకుఁ జేరును. బోనాల పండుగకు నక్కన్నమాదన్నల గుడి ఘటము నేనుఁగుపైనే వెడలును. రజని యను నొక్క యేనుఁగే యీ రెండుత్సవములందును నడచిన సంవత్సరములు కలవు. తెలంగాణపల్లెలలోఁ బీర్ల పండుగకు హిందువులు మ్రొక్కుట యెల్లరు నెఱిఁగినదే. ఇట్టి నగరముననే 1990వ సంవత్సరమునఁ జెలరేఁగిన మతకలహములలో నెందఱో ప్రాణములు గోల్పోయిరి. ఏనుఁగు కలిపినది, గాలివార్త విడఁదీసెను. అచ్చటఁ గొఱవడినది నమ్మఁదగిన మధ్యవర్తి.

ఆ కలహముల పిమ్మటఁ బాతనగరమునఁ బనిచేసినవారిలో హెన్రీ మార్టిన్ సంస్థవా రొకరు. 1930లో లాహోరున నెలకొని 1971లో హైదరాబాదు చేరిన యీ క్రైస్తవసంస్థ మొదట ఇస్లాము మతాధ్యయనమునకై వెలసినది. బైబిలు నూతననిబంధనమును ఉర్దూ పారసీకములలోనికిఁ బరివర్తించిన హెన్రీ మార్టిను పేరు దీనికిఁ బెట్టఁబడెను. కలహముల తరువాత నీ సంస్థ గ్రంథాధ్యయనముతోఁ దృప్తినొందక, సుల్తాన్‌షాహీ వాడలో నిరుమతముల స్త్రీలకును బాలురకును జదువు, కుట్టుపని, వైద్యము మొదలగువానిని సమకూర్చెను. ఆ పనికి వారు పెట్టిన పేరు 'అమన్ శాంతి.' అమన్ అనినను శాంతి, శాంతి యనినను శాంతియే. ఆలంకారికుఁడు దీనిని బునరుక్తి యనును. నా మతమున నిది దోషము గాదు, గుణము. వాడలోని ప్రతివాఁడును ముందుగాఁ దన మాటను విని, వెంటనే పొరుగువాని మాటను వినును. రెండింటి యర్థ మొకటియే యని తెలిసికొనుటకు వేఱు వ్యాఖ్యానము వలదు. 'కోవా' యను స్వచ్ఛందసంఘముల సమాఖ్యయు నాకాలపుఁ గలహములనుండి పాఠము నేర్చి, హిందూ మహమ్మదీయులలో నిట్టి పనికిఁ బూనుకొన్నది. శాంతిసభ కలహమునాఁడు జరుగును. కుట్టుబడి దినదినము జరుగును. వర్ణకము దినదినము వాడుకలో నుండినఁగాని సమాసము కుదురదు. 2013లో మా బాటపై నంత ఘోరము జరిగినను నగరమున మతకలహము చెలరేఁగలేదు. దానికిఁ గారణములు పెక్కు. రక్షకభటుల జాగరూకతయు నందొకటి. కాని యిరువైపులవారిని బేరుపెట్టి పిలువఁగల పెద్దలు వాడవాడ నుండుట కారణములలోఁ గడపటిది కాదని నా విశ్వాసము.

ఇందుల కాక్షేపణలు కలవు. పదములు జడములు, ప్రజలు చేతనులు. వ్యాకరణసూత్రము ప్రజల కెట్లు వర్తించు నందురేని, సూత్రము శాసించుట లేదు, దృష్టాంతముగా నిలుచుచున్నది. దృష్టాంతమునకు సర్వసామ్యము వలదు. పేర్లు మాఱుట యుచ్చారణదోషమే కాని సౌహార్దము గాదందురేని, దోషమే యగుఁగాక, ద్వేషించువాని పేరును రామునిగాను రహీముగాను దిద్దికొన్నవా రెచ్చటఁ గలరు? ఎల్లప్పుడు నల్పబలునిచేతనే ప్రత్యయమును దొడిగింతురు గదా యనునది మూఁడవ యాక్షేపణ. ఇది బలవత్తరమైనది, దీనిని నేను పూర్తిగాఁ ద్రోసివేయలేను. ఒక్కటి మాత్రము చెప్పఁగలను: మల్కిభరాముని పేరునఁ బ్రత్యయమును దాల్చినవాఁడు కవి గాఁడు, ప్రభువు. బలవంతుఁడు ముందు వంగిన చోటనే మిశ్రము కుదిరినది. ఎవరు వంగిరో ప్రతి కృతియందును వెదకి చెప్పుట విమర్శకుని విధి.

ఆక్షేపమునకు సమాధానము చెప్పు తెఱఁగునకు మనకొక మేలుబంతి కలదు. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు పూజ్యమని యొకరు వ్రాసినప్పుడు సురవరము ప్రతాపరెడ్డి తిట్టునకుఁ దిట్టు బదులీయలేదు. ఊరూరఁ గవుల వివరములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. అందుఁ గవులు 354 మంది. వాదము తానే యడఁగెను. మన పరిషత్తులు నీ తెఱఁగుననే పూనుకొని వాడల పేర్లను, వాని పుట్టుకను గూర్చిన కథలను, పీర్ల పాటలను, సంతమాటలను జెప్పువారుండఁగనే సేకరింపవలయును. పాఠము చెప్పువారు మల్కిభరామునిఁ జెప్పునాఁడే రక్కసితంగడిని జెప్పవలయును. మతసామరస్యమను మాటను వాడునపుడు దానిని గుదిర్చిన వర్ణక మేదియో చూపవలయును; చూపలేనిచో నా మాటను విడువవలయును.

నన్ను బ్రశ్నించిన బాలునికి నేఁడు చెప్పవలసివచ్చినచో నిట్లు చెప్పుదును: "నాయనా, ఆనాఁడును భయము కలదు, ఈనాఁడును జెలిమి కలదు. చెలిమి రాజు లిచ్చి పోయిన మాన్యము గాదు. దినదినము దున్నవలసిన చేను." ఈ సమాధానమునందలి లోపములను విజ్ఞులు చూపుదురుగాక; దిద్దికొందును.